పైపు మానేసిన ఏడాది

పెళ్లయిన మొదటి పాతికేళ్లూ నాకు మా ఆయన కంటే ఆయన వాసనే ఎక్కువ పరిచయం. ఓడల్లో, ఇంజను గదిలో, ఫిట్టరుగా పనిచేసేవాడు. ఐరాల దగ్గర పల్లెలో పుట్టి, ఐటీఐ చదివి, ఎవరో చెప్పిన మాట పట్టుకుని మద్రాసు వెళ్లి ఓడెక్కిన మనిషి. ఎక్కితే నెలల తరబడి నీళ్లమీదే. దిగితే కొన్నాళ్లు చిత్తూరులో, మా ఇంట్లో. నాకు పోస్టాఫీసు ఉద్యోగం, పాపను బడికి పంపడం, ఇల్లు. ఆయన మళ్లీ ఓడెక్కిన తర్వాత బీరువా తెరిస్తే చొక్కాల్లోంచి తియ్యగా, కాస్త ఘాటుగా ఒక వాసన వచ్చేది. అది పైపు పొగాకు వాసన. ఆ చొక్కాలను ఉతక్కుండా ఉంచేదాన్ని.

అప్పట్లో ఆ వాసనంటే నాకు ఇష్టం. ఇప్పుడు ఎక్కడైనా తగిలితే ముందు ఆయన కాళ్లవైపు చూస్తాను.

పైపు ఆయనకు నేర్పింది ఓడలో ఒక ముసలి ఇంజనీరు. మన ఊళ్లలో బీడీ తాగేవాళ్లున్నారు, చుట్ట తాగేవాళ్లున్నారు, పైపు తాగే మనిషిని మా వీధిలో ఎవరూ చూడలేదు. గేటు దగ్గర నిలబడి పిల్లలు చూసేవాళ్లు. పొగాకు గుండ్రటి రేకు డబ్బాల్లో తెచ్చుకునేవాడు. ఒకసారి మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. లోపల నల్లగా, తడితడిగా సన్నటి పీచులు. నాకు పొగాకు అనిపించలేదు. చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మ కాచి పోసిన అతిమధురం కషాయం గుర్తొచ్చింది. దాని వెనకాలే బిర్యానీలో వేసే అనాసపువ్వు.

"ఇది మందు మాదిరుండాదే," అన్నాను.

"మందే. ఆడ నీళ్లు తప్ప ఇంకేం కనపడవు గదా, దానికి మందు," అని నవ్వాడు.

యాభై దాటాక ఓడ మానేసి వచ్చేశాడు. ఇంటి పక్క ఖాళీ జాగాలో రేకుల షెడ్డు వేసుకుని, రైతుల బోరు మోటార్లు, పంపులు బాగుచేసేవాడు. తెచ్చుకున్న డబ్బాలు అయిపోయాయి. కొన్నాళ్లు పాత స్నేహితుడు ఎవరో పంపాడు, తర్వాత అదీ ఆగిపోయింది. ఆయన ఊరికే ఉండే రకం కాదు. సంతలో పొగాకు ఆకు కొన్నాడు. మూలికల అంగడిలో అతిమధురం వేరు కట్టలు కొన్నాడు. నా వంటింట్లోంచి అనాసపువ్వులు పట్టుకుపోయాడు. వేరును నలగ్గొట్టి, తాటిబెల్లం వేసి చిక్కగా కాచి, ఆ పాకాన్ని ఆకుమీద చల్లి, గుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య పెట్టి షెడ్డులోని వైసులో బిగించేవాడు. గొట్టాలు, రాడ్లు బిగించే ఆ ఇనుప పట్టులో పొగాకు రోజుల తరబడి నలుగుతూ ఉండేది. విప్పితే నల్లటి అచ్చు. దాన్ని కత్తితో సన్నగా తరిగి డబ్బాల్లో నింపేవాడు. మోటారు బాగుచేయించుకోడానికి వచ్చిన రైతులు ముక్కు ఎగబీల్చి, "ఏందప్పా, పాయసం కాస్తాండావా ఈడ?" అని అడిగేవాళ్లు.

ఆ సాయంత్రాలు బాగుండేవి. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని ఆయన పైపు వెలిగిస్తే, నేను మెట్టుమీద కూర్చుని చిక్కుళ్లు ఒలిచేదాన్ని. ఇన్నేళ్లకు ఒకే ఇంట్లో ఉన్నాం అనిపించేది.

తర్వాత ఆయన కారం తినలేకపోవడం మొదలైంది. చింతకాయ పచ్చడి పక్కకు నెట్టేశాడు. "నాలిక కింద మంట," అన్నాడు. వారం గడిచినా పోలేదు. టార్చిలైటు వేసి చూస్తే నాలుక కింద, చిగుళ్ల పక్కన, పాలమీగడ అంటినట్టు తెల్లటి మచ్చ. వేలితో తుడిస్తే పోలేదు.

పళ్ల డాక్టరు అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో మేం ఆ మాట ఎత్తలేదు. పేరు పలికితే వచ్చి కూర్చుంటుందేమో అన్నట్టు, ఇద్దరం ఎండల గురించి, మోటార్ల గురించి మాట్లాడుకున్నాం. ఫలితం వచ్చాక డాక్టరు చెప్పాడు, "ఇప్పటికి భయం లేదు. కానీ ఈ మచ్చ ఇట్లాగే ఉండిపోదు. పొగ మానకపోతే ఏదో ఒక రోజు మారుతుంది. అప్పుడు నేనేం చేయలేను."

ఆయన ఆ రోజే మానేశాడు. ఇంటికి వచ్చి వైసు విప్పి, అందులో నలుగుతున్న పొగాకునంతా పెరట్లో గుంట తీసి పూడ్చాడు. డబ్బాలు కడిగి బోల్టులూ నట్లూ పోసుకున్నాడు. అంత పట్టుదల ఉన్న మనిషని నాకు తెలుసు గానీ, అంత సులువుగా అవుతుందని అనుకోలేదు. పాకానికని తెచ్చిన అతిమధురం కట్టలు మాత్రం షెడ్డులో మిగిలాయి. అవి పొగాకు కాదు కదా. ఒక పుల్ల విరిచి నోట్లో పెట్టుకున్నాడు.

"పొగ లేకపోయినా ఆ రుసి ఉండాది మే," అన్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. "సగం పైపు తాగినట్టే ఉండాది."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అందరికీ అంతే. పక్కింటావిడ గోడమీంచి పిలిచి మరీ చెప్పింది, "మా ఇంటాయన గుట్కా ఇడవలేక సస్తా ఉండాడు. మీ ఆయన్ను సూసి నేర్చుకోమని సెప్తా ఉండా. అతిమధురం ఎంత మంచిది! గొంతుకు మంచిది, కడుపుకు మంచిది." గూడూరులో ఉన్న మా అమ్మాయి ఫోన్లో, "నాయనా, నువ్వు గ్రేట్," అంది. మళ్లీ చూపించుకున్నప్పుడు మచ్చ పలచబడిందని పళ్ల డాక్టరూ మెచ్చుకున్నాడు.

చొక్కా జేబులో పెన్నులు పెట్టుకున్నట్టు పుల్లలు పెట్టుకునేవాడు. పొద్దున కాఫీ మానేసి వేరు కషాయం తాగేవాడు. షెడ్డులో ఉన్నంతసేపూ నోరు ఆడుతూనే ఉండేది. నమిలి ఉమ్మిన పసుపుపచ్చ పీచు నాకు ఎక్కడ పడితే అక్కడ కనిపించేది. తొట్టి జాలీలో, చెప్పుల స్టాండు కింద, దిండు గలీబు మడతలో. ఊడ్చేదాన్ని, మర్నాడు మళ్లీ ఉండేది. పొగాకు నలకల కంటే నయం కదా అనుకునేదాన్ని.

కొన్ని నెలలకు ఆయన ముఖం నిండింది. చూసినవాళ్లంతా, "పొగ ఇడిసిపెట్టినాక ఒళ్లొచ్చిందే," అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. వేలి ఉంగరం బిగుసుకుంటే సబ్బు రాసి తీశాం. ఒక సాయంత్రం చెప్పులు విప్పి మెట్టుమీద కాళ్లు చాపాడు. చెప్పుల పట్టీ ఉన్నచోట పాదం మీద లోతుగా గాడి పడి ఉంది. నేను వేలితో నొక్కాను. నొక్కిన చోట గుంట అట్లాగే ఉండిపోయింది. చర్మం పైకి రావడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం ఆ గుంటనే చూస్తూ కూర్చున్నాం.

"నిలబడి పనిజేస్తా ఉండా గదా," అన్నాడు.

ఊళ్లో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ చూసి ఆ డాక్టరు మళ్లీ ఒకసారి పట్టీ కట్టి చూశాడు. అంతకు ముందెప్పుడూ లేని బీపీ. "సిగరెట్ తాగుతారా?" అని అడిగాడు. "పైపు తాగేవాడిని సార్, ఇడిసిపెట్టినా," అంటే, "శభాష్," అన్నాడు. మందు అలవాటుందా, ఉప్పు ఎక్కువ తింటారా, ఇంట్లో ఎవరికైనా ఉందా, అన్నీ అడిగాడు. వేరు సంగతి ఆయనకు తెలియదు, మాకు చెప్పాలని తోచలేదు. అది మందూ కాదు, మత్తూ కాదు. తమలపాకు వేసుకుంటామని ఎవరు చెప్తారు డాక్టరుకు? బీపీకి ఒక మాత్ర, ఒంట్లో నీరు పోవడానికి ఒక మాత్ర రాసిచ్చాడు.

నీరు కొంచెం తగ్గింది. బలం కూడా తగ్గింది. పడుకుంటే పిక్కలు పట్టేసేవి. బావి గట్టుమీద గొంతుక్కూర్చుని లేవబోతే లేవలేక గట్టు పట్టుకునేవాడు. ఒక మధ్యాహ్నం షెడ్డులో ఏదో పడిన చప్పుడు విని వెళ్లాను. పెద్ద స్పానరు నేలమీద ఉంది. ఆయన కుడిచెయ్యి ఎత్తి, అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"నట్టు తిరగలేదా?" అన్నాను.

"నట్టు కాదు. పిడికిలి బిగుసుకోల్యా."

నాకు ఆ రోజునుంచి ఒకటే భయం, మచ్చ మారిందని. లోపల్లోపల పాకి ఒళ్లంతా తింటోందని. పొద్దున్నే ముఖం కడుక్కోగానే ఆయన్ను కిటికీ దగ్గర నిలబెట్టి నోరు తెరవమనేదాన్ని. టార్చిలైటు వేసి నాలుక పైకి లేపమనేదాన్ని. లోపలంతా ఎర్రగా, శుభ్రంగా, చిన్నపిల్లాడి నోరులా ఉండేది. మచ్చ దాదాపు పోయింది. నోరు అంత బాగుండి మనిషి అట్లా పడిపోతుంటే నాకు ఇంకా భయం వేసేది. వెతకడానికి ఇంకో చోటు తెలియదు నాకు. నోటినిండా ఆ తియ్యటి వాసన. పైపు రోజుల్లో చొక్కాలకు ఉండే వాసనే, పొగ లేకుండా.

అమ్మాయి దగ్గర నాలుగు రోజులుంటే మనసు కుదుటపడుతుందని గూడూరు బయల్దేరాం. పొద్దున చిత్తూరులో రైలెక్కాం. రేణిగుంటలో దిగి గూడూరు బండి కోసం వేరే ప్లాట్‌ఫారానికి వెళ్లాలి. వంతెన మెట్లు ఎక్కుతున్నాం. నేను సంచీతో రెండు మెట్లు ముందున్నాను. వెనక ఆయన అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. ముఖం చెమటతో తడిసిపోయింది.

"ఏమైనాది?"

"కాలు లేస్తాల్యా."

"నొప్పా?"

"నొప్పి ల్యా. ఏమీ ల్యా. కాలే ల్యా నాకు." అని మోకాళ్లమీద మెల్లగా కుంగిపోయాడు. పడలేదు. బట్టల మూట కింద పెట్టినట్టు కూర్చుండిపోయాడు. చెయ్యి ఎత్తి నన్ను పట్టుకోబోయాడు, చెయ్యీ సగంలోనే ఆగిపోయింది. జనం మా పక్కనుంచి ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. నేను అరిచానో లేదో గుర్తు లేదు.

మెట్లు దిగుతున్న ఒక ముస్లిం పెద్దాయన తన సామాను భార్యకిచ్చి మా ఆయన్ను చంకల కింద పట్టుకున్నాడు. "భయపడొద్దమ్మా. ఊపిరి బాగానే ఉండాది. ఒరే అప్పా, ఎవురన్నా కాళ్లు పట్టుకోండి," అని పిలిచాడు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మోసుకుని కిందికి దింపారు. ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఆ పెద్దాయన భార్య నా సంచీ నా ఒళ్లో పెట్టి, నా కొంగు సర్ది, "పో అక్కా, తిరుపతికి పో, ఆలస్యం సెయ్యాకు," అంది. వాళ్ల బండి అప్పటికే కూత వేసింది. ఎక్కారో లేదో చూడలేదు.

తిరుపతి ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు పెట్టి కాగితం తీశారు. రక్తం పట్టుకెళ్లారు. ఆ కాగితం చూసిన డాక్టరు ఇంకొకరిని పిలిచాడు, వాళ్లు ఇంకొకరిని. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి ఒకరు వచ్చి, "రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందమ్మా. కండరాలు పనిచేయాలంటే అది ఉండాలి. గుండె కూడా కండరమే," అన్నారు.

సన్నగా డ్రిప్పు ఎక్కించారు. "నరంలో నిప్పు పోసినట్టుండాది," అని ఆయన పళ్లు కొరుక్కున్నాడు. రెండో రోజుకు వేళ్లు కదిలాయి. పాదాలు ఆడించాడు. మా అమ్మాయి గూడూరునుంచి వచ్చేసరికి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. వార్డుకు మార్చారు. గండం గడిచిందని అమ్మాయి కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది.

మర్నాడు రక్తం చూస్తే మళ్లీ పడింది.

మళ్లీ ఎక్కించారు. కొంచెం లేచింది, మళ్లీ పడింది. పోసిన నీళ్లు పోసినట్టే ఎక్కడికో పోతున్నాయి. కిడ్నీలమీద ఉండే గ్రంథుల్లో గడ్డ ఉందేమో చూడాలన్నారు. ఇన్నాళ్లూ నోట్లో వెతికింది కిడ్నీమీద కూర్చుందా అనుకున్నాను. స్కానింగు తీశారు. గడ్డ లేదు. లేదని చెప్పినప్పుడు కూడా ఆ డాక్టరు ముఖంలో వెలుగు లేదు. "మరెందుకు?" అని మా అమ్మాయి అడిగితే, "అదే చూస్తున్నాం," అన్నాడు.

ఆ సాయంత్రం కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. మంచం దగ్గర నిలబడి ఫైలు చదువుతూ ఆగి, ఆయన ముఖం చూసింది. దుప్పటి గడ్డందాకా కప్పుకున్నాడు. దవడ మెల్లగా కదులుతోంది.

"ఏం నములుతున్నారు?"

"ఏమీ ల్యా తల్లీ. ఒట్టి అతిమధురం. మందు గూడా కాదు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎన్నాళ్లనుంచి?"

"పైపు ఇడిసిపెట్టినప్పట్నుంచి. పోయినేడు వానాకాలమప్పుడు."

"రోజుకు ఎంత?"

కట్ట లావు చూపిస్తూ ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్నా చుట్టాడు. తర్వాత నావైపు చూసి, ఆ సున్నాను కొంచెం పెద్దది చేశాడు.

"మీ దగ్గరున్నవన్నీ బయటికి తియ్యండి," అంది డాక్టరు. గొంతు పెంచలేదు.

ఆయన దుప్పటి కింద చేతిలోంచి ఒకటి తీశాడు. దిండు కిందనుంచి నాలుగైదు తీశాడు. గోడకు తగిలించిన చొక్కా చూపిస్తే మా అమ్మాయి జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. మంచం కింద ఉన్న సంచీ నేను బయటికి లాగాను. తువ్వాలు మడతలో ఒక కట్ట. కళ్లజోడు పెట్టెలో కొన్ని. లుంగీ మధ్యలో ఇంకో కట్ట, దారం కూడా విప్పనిది. ఆ సంచీ సర్దింది నేను. ఈ కట్టలు నేను పెట్టలేదు. స్టూలు పక్కన పొయ్యిలోకి పుల్లలు చేర్చినట్టు కుప్ప పడింది. వేరు విషమని అప్పటికింకా నాకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆ కుప్పనుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంత దాచుకున్నాడు, పక్కలో పడుకునే నాకు తెలియదు.

డాక్టరు మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. కొంచెం తీసుకుంటే ఏమీ కాదట. పొద్దస్తమానం నెలల తరబడి నమిలితే, ఆ తీపిలో ఉండేదేదో ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుందట, పొటాషియాన్ని మూత్రంలో బయటికి తోసేస్తుందట. అందుకే బీపీ, అందుకే వాపు, అందుకే కాళ్లు. పైగా నీరు పోవడానికి ఇచ్చిన మాత్ర మిగిలిన కాస్తనూ తోడేసిందట.

"ఇంకొన్నాళ్లు ఇట్లాగే నమిలి ఉంటే నిద్రలోనే గుండె ఆగిపోయేది," అంది.

ఆయన ఆ కుప్పవైపే చూస్తున్నాడు. "పొగ వద్దంటిరి, ఇడిసిపెడితి," అన్నాడు. "ఇదన్నా మిగలనీండమ్మా." అడుక్కునే గొంతు. ముప్పై ఏళ్లలో ఆయన ఎవర్నీ ఏమీ అడుక్కోవడం నేను వినలేదు. డాక్టరు తల అడ్డంగా ఊపింది. మా అమ్మాయి కుప్పంతా ఒక కవర్లోకి ఎత్తి బయటికి తీసుకెళ్లిపోయింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. లోపలికి పోయిందంతా వదలడానికి వారాలు పడుతుందని, అందాకా గుండె ఎప్పుడైనా తప్పటడుగు వెయ్యొచ్చని చెప్పి, మాత్రలిచ్చి ఇంటికి పంపారు. కొబ్బరినీళ్లు, అరటిపళ్లు, వారం వారం రక్తపరీక్ష. ఆయన షెడ్డుకు పోలేదు. నోరు గట్టిగా మూసుకుని వసారాలో మంచంమీద పడుకునేవాడు. మాట్లాడిస్తే తల ఊపేవాడు. అప్పుడప్పుడూ దవడ ఖాళీగా కదిలేది. నేను చూస్తున్నానని గమనించి ఆపేసేవాడు.

పాదాల వాపు నెమ్మదిగా తీసింది. బీపీ దిగింది. రక్తపరీక్ష బాగానే వస్తోందన్నారు. అయినా పోస్టాఫీసు కౌంటరులో కూర్చుంటే స్టాంపులు అడిగినవాళ్లకు కవర్లు ఇచ్చేదాన్ని. మధ్యాహ్నం అన్నం టైముకు ఇంటికి పరుగెత్తుకొచ్చేదాన్ని. గేటు చప్పుడు కాకుండా తీసి, చెప్పులు బయటే విడిచి, మంచం దగ్గరికొచ్చి నిలబడి ఆయన ఛాతీ చూసేదాన్ని. బనియను లేస్తోందా, దిగుతోందా. ఒక్కోసారి ఊపిరికీ ఊపిరికీ మధ్య మరీ ఎక్కువసేపు ఆగినట్టు అనిపించేది. అప్పుడు నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని.

ఒక రోజు అట్లాగే నిలబడి ఉన్నాను. ఎండ వసారా సగందాకా వచ్చింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. బనియను కదలడం లేదు. నేను వంగాను.

"ఉండాన్లే," అన్నాడు, కళ్లు తెరవకుండానే. "పోయి అన్నం తిను."

వంటింట్లోకి వెళ్లి కంచం పెట్టుకున్నాను. కూర్చున్న చోటునుంచి ఆయన పాదాలు కనిపించేట్టు తలుపు తీసే ఉంచాను.